క్యాలెండర్ మీది మొదటి మాట

బాపట్ల, జూన్ 1993, గురువారం

మూడు రోజులు 'సి' కంప్యూటర్ భాషతో కుస్తీ పట్టి, కాలేజీ మార్కుల ప్రోగ్రాముకు పాస్‌వర్డులు పెట్టాను. ఎవరేం కొట్టినా ఫైల్లో గజిబిజి అక్షరాలే పడతాయి. వాటిని తిరిగి మాటగా మార్చడం నావల్ల కూడా కాదు. తీరా ఇవాళ ఫైలు ప్రింటు తీస్తే టైపిస్టు మేరీగారిదీ, గుమాస్తా ప్రకాశరావుదీ, హెడ్‌క్లర్కు గారిదీ అచ్చంగా ఒకే గజిబిజి! అంటే ముగ్గురూ ఒకే మాట పెట్టారన్నమాట.

ఏమీ ఎరగనట్టు అడిగాను. మేరీగారు ఎదురుగోడ మీది చర్చి క్యాలెండర్ చూపించారు.

"దానిమీది బైబిల్ వాక్యంలో మొదటి మాటండి. మర్చిపోకుండా ఉంటుందని..."

"అయితే ఏంటయ్యా? దేవుడి మాటేగా!" అన్నారు హెడ్‌క్లర్కు గారు.

ఒకరిది తెలిస్తే అందరిదీ తెలిసినట్టే. పిల్లల మార్కులు ఎవరైనా దిద్దేయొచ్చు. సాయంత్రందాకా కూర్చుని, ఒక్కొక్కరి మాటకీ కంప్యూటరే ఏరి ఉప్పులా చల్లే వేరువేరు 'సాల్ట్' అక్షరాలు కలిశాకే గజిబిజి అయ్యేలా తిరగరాశాను. పాస్‌వర్డులు మళ్ళీ కొట్టమంటే ముగ్గురూ తలెత్తి ఆ క్యాలెండరే చూశారు! ఫైల్లో వరసలు వేరయ్యాయి గానీ, వీళ్ళనేం చెయ్యను?

అసలు వాళ్ళననే మొహమేది నాకు? ప్రింటులో అదే గజిబిజి ఉన్న నాలుగో వరసను ఎవరూ చూడకముందే చింపి జేబులో పెట్టుకున్నాను.

అది నాది.