పలక పక్క గుంత

జనవరి 9, శుక్రవారం

ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది. ముందు పలక టంగుమంటుంది, ఆ తర్వాత పిస్టల్ చప్పుడు వస్తుంది. కిలోమీటరు దూరం కదా. అంటే, చప్పుడు విని తల దించుకుందామనుకుంటే అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది. ఈ సంగతి ఇవాళే బుర్రకెక్కింది. ఎక్కకపోయినా బాగుండేది.

పని చిన్నదే. ఎడారిలో ఇనప పలక పక్కన గుంతలో కూర్చోవాలి. బాబా, అంటే నేను కారు తోలే అరబ్బు యజమాని, అక్కడెక్కడో చాప మీద బోర్లా పడుకుని కాలుస్తాడు. దుమ్ము ఎక్కడ లేచిందో వాకీటాకీలో చెప్పాలి. మధ్యమధ్య పలకకు తెల్ల రంగు కొట్టాలి. పోయిన చలికాలం దాకా పెద్ద తుపాకీ. ఇప్పుడు పిస్టల్ పిచ్చి పట్టింది. పొడుగాటి గొట్టం, పైన దుర్భిణి... ఎంతయినా పిస్టలే. ఒకటి తగిలితే మిగతావి ఎటు పోతాయో దేవుడికే తెలియాలి.

డ్రైవర్ వీసా మీద వచ్చినవాణ్ణి. గుంతలో కూర్చోవడం ఏ వీసాలో రాసి ఉందో.

జనవరి 10

నిద్ర లేదు. ఇంటికి ఫోన్. నా భార్య సుజాత— "గొంతేంది అట్లుండాది?" జలుబన్నాను. నమ్మలేదు.

జనవరి 14

వంటింట్లో రఫీకి చెప్పేశాను. వంట చేస్తూ అందరి గోడూ వింటాడు, మాది ఒకే ఊరు కాబట్టి నాది ఇంకాస్త ఎక్కువ వింటాడు.

"పోనని చెప్పన్నా. కారు తోలనంటాండావా? గుంతలో కూకోనంటాండావు, అంతే గదా."

"కోపమొస్తే?"

"రానీలే. కోపం తగిలి ఎవురూ సచ్చిపోరు."

వాడికేం, ఉల్లిపాయలు తరుగుతూ ఎన్నయినా చెబుతాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోయేది నాది, అది రద్దు చేయించగల కఫీల్ బాబాయే.

జనవరి 16, శుక్రవారం

చెప్పేశాను. టెంటు దగ్గర, బాబా పిస్టల్ తుడుచుకుంటుంటే. నాకు భయం బాబా, గుంతలో కూర్చోను. వచ్చీరాని అరబ్బీలో. తిడతాడనుకున్నాను. నవ్వాడు. నా చేతి మీద నమ్మకం లేదా అన్నాడు. తర్వాత స్నేహితుడి వైపు తిరిగాడు. అహ్మది నుంచి వస్తాడే, ఆ లావుపాటి ఇంజినీరు.

"యల్లా, నేను కూర్చుంటా. నువ్వు కాల్చు. వీడు ఇక్కడి పెద్ద దుర్భిణిలో చూసి చెప్తాడు."

నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. జీపెక్కి వెళ్ళిపోయాడు.

మిగతాది రాయడానికి చెయ్యి రావడం లేదు.

జనవరి 17

రాయకపోతే ఇవాళ కూడా నిద్ర పట్టేలా లేదు.

మొదటి తూటా పలకకే తగిలింది. రెండోది... గాలి హోరుగా ఉంది. దుర్భిణిలో బాబా తల కనిపిస్తోంది, ఎర్రగళ్ళ గుత్రా చుట్టుకున్న తల. దాని వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, దుమ్ము లేచింది. బాబా పలక వైపే చూస్తున్నాడు. ఆయనకు తెలియలేదు. ఇంజినీరుకూ తెలియలేదు. పేలగానే పిస్టల్ పైకెగిరి చూపు తప్పిపోతుంది. చూసింది నేనొక్కణ్ణే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎక్కడ పడింది అని ఇంజినీరు. ఎక్కడ పడింది అని వాకీటాకీలో బాబా.

నా నోట వచ్చిన మాట— "పలకకు ముందు. చాలా ముందు."

ఎందుకన్నాను? ఇంజినీరు చేతిలో బాబా ప్రాణం పోబోయిందని ఆయన మొహం మీదే ఎలా చెప్పను? చెప్పినా, గుంత తప్పించుకోవడానికి నాటకమాడుతున్నాడంటారు. ఇవన్నీ ఇప్పుడు తీరిగ్గా అనుకుంటున్నవి. అప్పుడున్నది భయం, అంతే.

నా మాట నమ్మి ఇంజినీరు గొట్టం ఎత్తి కాల్చాడు. ఆ తూటా పలక వెనకున్న గుట్ట దాటి పోయింది. గుట్ట అవతల ఒంటెలు మేస్తుంటాయి, కాసేవాళ్ళు ఉంటారు. గాలి ఎక్కువైంది, ఖలాస్, ఇక చాలు అని ఎలాగో ఆపించాను. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదనే అనుకుంటున్నాను.

బాబా తిరిగొచ్చి భుజం తట్టాడు. "చూశావా? మాఫీ ఖౌఫ్." భయమే లేదట. వచ్చే శుక్రవారం పలక ఇంకా వెనక్కి జరుపుతాడట.

"నేను కూర్చున్నా కదా. ఇక నీ వంతు."

జనవరి 20

నిజం చెప్పేద్దామని దివానియాకి, బాబా స్నేహితులతో కూర్చునే గదికి, వెళ్ళాను. గది నిండా మనుషులు. బాబా గుంతలో కూర్చున్న కథే చెబుతున్నాడు, డ్రైవర్ భయపడితే తాను ఎలా దిగాడో. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"ఇదుగో, కళ్ళారా చూసినవాడు. చెప్పు, ఎంత దూరంలో పడింది?"

ఇంజినీరు అక్కడే కూర్చుని గహ్వా కాఫీ తాగుతున్నాడు. ఆ గదిలో అతిథిని తప్పుపట్టిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. కొడుకులే పట్టరు. నేనెంత?

రెండు చేతులూ బార చాపాను. "చాలా దూరం, బాబా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బయటికొచ్చి కారులో కూర్చున్నాక సిగ్గేసింది.

జనవరి 21

రఫీకి అంతా చెప్తే తిట్టాడు. "బాబా ఒక్కడే ఉన్నెప్పుడు చెప్పు. అప్పుడేల చెప్పలేదంటాడు. అనిపించుకో."

జనవరి 22

కారులో ఇద్దరమే. ఖైతాన్ సిగ్నల్ దగ్గర ధైర్యం కూడగట్టుకుని "బాబా" అన్నాను.

"హా?"

"హీటర్ పెంచమంటారా?"

జనవరి 23, శుక్రవారం

గుంతలోనే రాస్తున్నాను. ఊరికే కూర్చోలేక. కొత్త గుంత, లోతు తక్కువ. తల ఎంత దించినా ఇంకా పైనే ఉన్నట్టుంది. పలక ఎంత వెనక్కి జరిపారంటే వాళ్ళ జీపు కూడా సరిగ్గా కనిపించడం లేదు.

ముందు ఇంజినీరే కాలుస్తాడట.

సుజాతకు ఫోన్ చెయ్యబోయి మానేశాను. ఏమని చెప్పను.

వాకీటాకీ గరగరమంది. బాబా. "రెడీయా?"

ఇప్పుడైనా ఆ రెండో తూటా సంగతి చెప్పొచ్చు. ఇంజినీరు పక్కనే ఉంటాడు, వింటాడు. విననీ.

మళ్ళీ అడిగాడు. బటన్ నొక్కాను. "బాబా, ఒక మాట—"

"మళ్ళీ భయమా?" అని నవ్వుతున్నాడు. ఇంజినీరు కూడా. ఇంకెవరో కూడా.

నవ్వు ఆగితే చెబుదామని చూస్తున్నాను.