పైరోఫోరిక్ అన్న మాట

9 మార్చి 2008, ఆదివారం. సోహార్, ఒమాన్

ఇవాళ ఒక విశేషణం కోసం పోట్లాడి ఓడిపోయాను.

వచ్చే వారం ప్లాంటు షట్‌డౌన్. మా కాంట్రాక్ట్ కంపెనీ ఒక గ్యాస్ వెసెల్, అంటే పెద్ద ఇనుప ట్యాంకు, తెరిచి, లోపల పేరుకున్న నల్లటి పొలుసు గీకి తీయాలి. ఎలా తీయాలో రాసే ప్రొసీజర్ నా పని. ఉద్యోగం పేరు డాక్యుమెంట్ కంట్రోలర్. చదివింది మాత్రం కాకినాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. అందుకే ఆ పొలుసు ఐరన్ సల్ఫైడ్ అనీ, ఎండితే పైరోఫోరిక్ అనీ తెలుసు. అలాగే రాశాను. పైరోఫోరిక్ అయ్యేది వెసెల్ కాదు, గ్యాస్ కాదు, పొలుసు. ఏ నామవాచకం ముందు పెట్టాలో చూసుకునే పెట్టాను. దాని కింద, తీస్తున్నంతసేపూ నీళ్లతో తడుపుతూనే ఉండాలని ఒక పేరా.

సేఫ్టీ మేనేజర్ సూర్యప్రకాశ్‌గారు ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి ఫ్లేమబుల్ అని రాశారు. ఎవరికీ తెలియని మాటలు వేస్తే చదువు చూపించుకుంటున్నామని క్లయింట్ అనుకుంటాడట. సింపుల్ ఇంగ్లిష్ చాలట. ఫ్లేమబుల్ అంటే ఎవరైనా అంటిస్తే మండేది సర్, దీన్ని ఎవరూ అంటించక్కర్లేదు, గాలి తగిలితే చాలు అన్నాను. ఆయన నవ్వి, "ఒక్క అడ్జెక్టివ్ కోసం ఇంత పట్టుదల ఏంటమ్మా మంగళా?" అన్నారు.

మాట మారగానే తడిపే పేరా కూడా పోయింది. దాని బదులు ప్రతి ప్రొసీజర్‌లోనూ ఉండేదే వచ్చి కూర్చుంది. సిగరెట్లు, లైటర్లు, మొబైళ్లు బయట వదిలి రావాలి.

10 మార్చి

ఆ దిద్దుబాట్లతో మార్చిన ప్రతి, రెవిజన్ వన్, ప్రింట్ తీశాను. 'తయారు చేసినవారు' అన్న గీత మీద నా సంతకం పెట్టాను.

19 మార్చి, బుధవారం, మధ్యాహ్నం 3

కాలింది. వెసెల్ దగ్గర.

ఖాదర్‌వలి అనే హెల్పర్. కడప జిల్లా, రాయచోటి దగ్గర ఊరు. గీకిన పొలుసు గోతంలో నింపి భుజాన వేసుకుని డ్రమ్ము దాకా మోస్తున్నాడట. దారిలో గోతం అంటుకుంది. విదిలించుకోబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. మెడ కూడా. హాస్పిటల్‌కి తీసుకెళ్లారు.

కబురు వినగానే నాకు మొదట గుర్తొచ్చింది అతను కాదు. రెవిజన్ వన్ కింద ఉన్న నా సంతకం. ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను.

20 మార్చి, సాయంత్రం

అతని టిఫిన్ సంచిలో లైటర్ దొరికిందట. సంచి షెడ్డులో ఉంది, వెసెల్‌కి వంద గజాల దూరంలో. అయినా సూర్యప్రకాశ్‌గారి ముఖంలో రక్తం తిరిగొచ్చింది. ప్రొసీజర్‌లో ఫ్లేమబుల్ అని ఉంది, ఫ్లేమబుల్ అంటే ఎవరో ఒకరు అంటించాలి, లైటర్ ఉన్నవాడు వాడొక్కడే అన్నారు. నేను చెప్పిన అర్థమే. నా అర్థంతోనే అతన్ని దోషిని చేస్తున్నారు.

అజాగ్రత్త కేసు పోలీసుల దాకా వెళ్తే అతను జైలుకు కూడా పోవచ్చని ఆఫీసులో అనుకుంటున్నారు.

22 మార్చి, శనివారం

హాస్పిటల్‌కి వెళ్లాను. మంచం పక్కన అతని అక్క రాబియా. మస్కట్ దగ్గర అల్ అమెరాత్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. మూడు రోజులు బతిమాలితే ఇవాళ ఒక్క రోజు పంపారట. ఖాదర్‌వలి మత్తుమందుతో నిద్రపోతున్నాడు. చేతులు రెండూ తెల్లటి కట్ల మూటలు.

కంపెనీ మనిషినని తెలియగానే ఆమె లేచి నిలబడింది. "మావోడు బీడీ గూడా ముట్టడు మేడం. రూములో గ్యాస్ పొయ్యి ముట్టించేదానికి పెట్టుకుండాడు ఆ లైటరు. వంట పని వానిదే. ఎవుర్నన్నా అడగండి" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. నేనే ముందు కూర్చున్నాను.

24 మార్చి

ధైర్యం చేసి సూర్యప్రకాశ్‌గారికి చెప్పాను. సర్, ఆ పొలుసు పైరోఫోరిక్ అని ప్రమాదం రిపోర్టులో రాయకపోతే క్లయింట్ వాళ్ల కెమిస్టు పట్టుకుంటాడు అన్నాను. న్యాయం అంటే వినరని ఇలా. ఆయన చాలాసేపు ఆలోచించి సరే అన్నారు.

గంట తర్వాత డ్రాఫ్ట్ నా టేబుల్ మీదికి వచ్చింది. కార్మికుడు పైరోఫోరిక్ పొలుసును లైటర్‌తో అంటించినందువల్ల ప్రమాదం జరిగింది.

స్పెల్లింగ్ తప్పు లేదు. సరైన నామవాచకం ముందే ఉంది. వాక్యం మొత్తం అబద్ధం.

వెంటనే వెళ్లాను. తనంతట తాను అంటుకునేదాన్ని ఎవరో అంటించడం ఏమిటి సర్, ఈ వాక్యంలో సగం నిజమైతే మిగతా సగం నిజం కావడానికి వీల్లేదు అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. "నీ మాట పెట్టమన్నావు, పెట్టాను. ఇంకేం కావాలి నీకు? రెవిజన్ వన్ కింద ఉన్న సంతకం ఎవరిదో గుర్తుందిగా?" అన్నారు.

25 మార్చి

టైప్ చేశాను.

29 మార్చి, శనివారం

నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఇవాళ నా మొదటి ప్రతి, ఎర్ర పెన్ను గీతలతో సహా, ఫైల్లోంచి తీసి క్లయింట్ ఆఫీసుకి పట్టుకెళ్లాను. అక్కడి ఇంజినీరు సాలిం, సోహార్ మనిషే, యువకుడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి దాన్నీ, తన దగ్గరున్న రెవిజన్ వన్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. కొట్టేసిన మాట మీద వేలు ఆన్చాడు. తడిపే పేరా దగ్గర ఇంకాసేపు ఆగాడు.

రెండో దాని కింద సంతకం ఎవరిది అని అడిగాడు. నాదే అన్నాను.

మొదట రాసింది కరెక్టు, మరి రెండోదాని మీద సంతకం ఎందుకు పెట్టావు అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. టీ తెప్పించాడు. చల్లారిపోయింది.

6 ఏప్రిల్

క్లయింట్ విచారణలో ఎవరూ అంటించలేదని తేలింది. ఖాదర్‌వలి మీద కేసు లేదు. కానీ ఆ చేతులతో పనికి పనికిరాడని డాక్టర్ రాశాడు కాబట్టి వీసా క్యాన్సిల్, తిరుగు టికెట్.

సూర్యప్రకాశ్‌గారిని నిజ్వా సైట్‌కి మార్చారు, అదే హోదాతో. నాకు నెల రోజుల నోటీసు. అనుమతి లేకుండా డాక్యుమెంట్ బయటికి ఇచ్చినందుకు. సైట్ గేట్ పాస్ వెనక్కి తీసుకున్నారు.

రెవిజన్ టూ వచ్చింది. లేబర్ క్యాంపు బోర్డు మీద కూడా అంటించారు. పైరోఫోరిక్ అని బోల్డ్‌లో ఉంది. తడిపే పేరా కూడా ఉంది. అన్నీ ఇంగ్లిష్‌లో.

24 ఏప్రిల్, గురువారం

రేపు ఖాదర్‌వలి ఫ్లైట్. క్యాంపు రూముకి వెళ్లి కలిశాను. కట్లు విప్పారు. ఎడమ చేతి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. తోటివాడు చాయ్ గ్లాసు అతని నోటి దగ్గర పట్టుకున్నాడు.

నా వల్లే కేసు పోయిందని రాబియా చెప్పిందట. దండం పెట్టబోయాడు, చేతులు కలవలేదు. నేను తల తిప్పుకున్నాను.

ఆ పెద్ద మాటేంది మేడం, అందరూ అంటాండారు అని అడిగాడు. గాలి తగిలితే తనంతట తానే అంటుకునేది, అందుకే తడిగా ఉంచాలి అని చెప్పాను. రెండు ముక్కల్లో అయిపోయింది.

అతను మెల్లగా, "అంతేనా మేడం? ఆ పొద్దు జేబులు తడిమి లైటర్లుండాయా అని అడిగినారు గానీ, ఈ మాట ఎవురూ సెప్పల్యా. మీకు ముందే తెలిసినట్టుండాది. యాపొద్దన్నా వచ్చి తెలుగులో సెప్పింటే, బకెట్టు నీళ్లు నేనే పోసుకుండేవాణ్ణి గదా" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

నా ఆఫీసు నుంచి వెసెల్ దాకా నడిస్తే ఐదు నిమిషాలు. సంతకం పెట్టిన రోజుకీ కాలిన రోజుకీ మధ్య తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను సూర్యప్రకాశ్‌గారి మీద కోపంతో ఆఫీసులోనే కూర్చున్నాను. నా మాట కొట్టేశారన్న కోపం. ఇంగ్లిష్‌లో ఆ మాట పోయిందని బాధపడ్డాను గానీ, తెలుగులో అది నా నోట్లోనే ఉందని ఒక్కసారి కూడా తోచలేదు.

26 ఏప్రిల్, శనివారం, ఉదయం 5.30

క్యాంపు గేటు. డ్యూటీ బస్సు ఎక్కుతున్న వాళ్లకి ఆ రెండు ముక్కలూ చెప్పాను, తెలుగులో, తర్వాత నాకొచ్చిన హిందీలో. ఏడుగురు ఆగి విన్నారు. "ఇదేనా మేడం, ఆ బోర్డు మీద రాసిండేది?" అని ఒకతను అడిగాడు. అవునన్నాను. డ్రైవర్ హారన్ కొట్టాడు.