"నాకు తెలుసు" అనను

ఫిబ్రవరి 3
నిర్ణయం: నేటి నుంచి పరీక్షలయ్యేదాకా "నాకు తెలుసు" అనే మాట నా నోట రాదు!

కారణం రోజా టీచరు. ఈ వయసులో నేనూ, నా భార్య అచ్చియ్యమ్మా చోడవరం ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాం. నేను బళ్లో చదివింది తక్కువ, పకోడీ పొట్లాల మీద చదివింది ఎక్కువ. నాకిది సరదా. అచ్చియ్యమ్మకు కాదు. తొమ్మిదితో చదువు మాన్పించి నాకిచ్చి పెళ్లి చేశారు. పదో తరగతి పాసవ్వాలన్న కోరిక అప్పటిది.

నిన్నటి టెస్టులో ప్రతి జవాబు పక్కనా "ఖాయం" అనో "అనుమానం" అనో రాయమంది టీచరు. నేను అన్నిటికీ ఖాయం. అచ్చియ్యమ్మ అన్నిటికీ అనుమానం.

దిద్దాక టీచరుకు నవ్వాగలేదు. "తాతగారూ, మీ ఖాయాల్లో సగం తప్పులండి. మామ్మగారి అనుమానాల్లో ముప్పావు వంతు రైటండి!"

ఫిబ్రవరి 4
అద్భుతం! రోజంతా ఒక్కసారీ అనలేదు. బంగార్రాజు టీ బడ్డీలో రైవాడ రిజర్వాయరు నీళ్ల గురించి పెద్ద వాదన. నేను పెదవి కొరుక్కుని టీ తాగాను.

"ఏటి గణపతిరావు బాబూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు బంగార్రాజు.

ఫిబ్రవరి 11
ఒకసారి అన్నాను. కానీ అది దేవరాపల్లి బస్సు గురించి. సిలబస్‌లో లేని వాటికి నిర్ణయం వర్తించదు. సవరణ చేసుకున్నాను. (బస్సు రాలేదు.)

ఫిబ్రవరి 20
ఇప్పుడు "నాకు తెలుసు" అనడం లేదు. "అందరికీ తెలిసిందే" అంటున్నాను. అది వేరే మాట.

అచ్చియ్యమ్మ ఒప్పుకోలేదు. "మాటే మారింది. మీసం మీద సెయ్యి అలాగే ఉంది."

మార్చి 6
చదువుదామని కూర్చుంటే పాత సంగతొకటి గుర్తొచ్చింది. నేను చక్కెర ఫ్యాక్టరీ చెరకు యార్డులో మేస్త్రీగా ఉన్నప్పుడు, బండి కాటా ఎక్కకముందే బరువు చెప్పేసేవాణ్ణి. ప్రతిసారీ సరిపోయేది. సరిపోనివి గుర్తులేవు.

ఈ ఆలోచనల్లో చదువు సాగలేదు.

మార్చి 24, ఉదయం
సైన్సు పరీక్ష. గేటు దగ్గర అచ్చియ్యమ్మ ఇంకా పుస్తకం తిరగేస్తోంది.

"సెరుకులో తీపి ఎక్కడ తయారవుతాదయ్యా? ఆకులోనే గదా?"

జీవితమంతా చెరకు మధ్య బతికినవాణ్ణి. నన్నా అడగడం!

"ఓసి పిచ్చిదానా, ఆకు నమిలితే తియ్యగా ఉంటాదేటి? తీపి గడలో ఉంటాది, గడలోనే తయారవుతాది. నాకు తెలుసు!"

అనేశాను. గేటు బయట అన్నాను కాబట్టి లెక్కలోకి రాదు.

అదే రోజు, మధ్యాహ్నం
ఆ ప్రశ్నే వచ్చింది, పెద్ద ప్రశ్న, బొమ్మతో సహా! "గడ" అని రాయబోతుంటే టీచరు నవ్వు చెవిలో వినిపించింది. నా ఖాయాల్లో సగం... ఆవిడ అనుమానాల్లో ముప్పావు... కలం దానంతటదే ఆకు బొమ్మ వేసింది.

బయటికొచ్చాను. అచ్చియ్యమ్మ మొహం వెలిగిపోతోంది.

"ముందు ఆకనే పేజీడు రాసేనయ్యా. అంతలో నీ మాట గుర్తొచ్చింది. అదంతా కొట్టేసి గడని రాసేను. దేముడిలా సెప్పేవు!"

టీ తాగుదాం పద అన్నాను.

ఏప్రిల్ 23
ఫలితాలు. నేను అన్నీ పాస్!

అచ్చియ్యమ్మ సైన్సు తప్ప అన్నీ పాస్. ఆ పెద్ద ప్రశ్నకు మార్కులు పడి ఉంటే గట్టెక్కేది.

"మా బాబుకి తెలీందుందేటి!" అంటూ బంగార్రాజు అల్లం టీ పెట్టాడు. సగంలోనే వదిలేసి లేచాను. ఇంటికొచ్చి చెప్పేశాను, నేను ఆకు రాశానని.

ఆవిడ మార్కుల కాగితం మళ్లీ చూసుకుంది.

"అయితే నాకు తెలిసిందే రైటా?"

"రైటే."

"నాను సెప్పింది నువ్వు రాసి పాసయ్యేవు. నువ్వు సెప్పింది నాను రాసి పోయేను."

"అవునే."

ఏడుస్తుందనుకున్నాను. లేచి సైన్సు పుస్తకం అందుకుంది. "సప్లిమెంటరీ రాస్తాను. అందాకా నువ్వు నోరిప్పేవంటే సూడు!"

ఏప్రిల్ 24
నిర్ణయం: నేటి నుంచి సప్లిమెంటరీ అయ్యేదాకా "నాకు తెలుసు" అనే మాట నా నోట రాదు!

ఉదయం అద్భుతంగా సాగింది. అచ్చియ్యమ్మ చదువుతోంది. ఒక్కో జవాబు పక్కనా "ఖాయం" అని రాసుకుంటోంది. నేను గుమ్మంలో మూగనోము పట్టి కూర్చున్నాను.

రోజా టీచరు ఫోన్ చేసింది. "తాతగారూ, మామ్మగారు ఈసారైనా పాసవుతారంటారా?"

"ఎందుకవదమ్మా? నాకు తెలుసు!"

లోపల పేజీ తిప్పే చప్పుడు ఆగింది.

నిర్ణయం రేపటి నుంచి.