తాత్కాలిక నివాసి

భవానీపూర్

అక్కా,

ఫోన్లో చెబితే మధ్యలోనే తిట్లు మొదలెడతావని రాస్తున్నాను. "మీ డిపార్ట్‌మెంట్ హెడ్డు కాళ్లట్టుకోరా, లెక్చరర్‌గా ఇంకో ఏడాదుంచుతాడు" అని సంత్రాగాఛిలో మీ ఇంట్లో కూర్చుని సలహా ఇచ్చావు కదా. ఆ మహానుభావుడి సంగతి విను.

సాంస్కృతిక, చారిత్రక భూగోళశాస్త్రం తన సొత్తే అనుకుంటాడు. తన తాత ఢాకా నుంచి వచ్చిన కథ ప్రతి క్లాసులోనూ చెప్పి కళ్లు తుడుచుకుంటాడు. మొన్న పిల్లల్నీ నన్నూ వలసవచ్చినవాళ్ల సర్వేకి ఎక్కడికి తెచ్చాడనుకున్నావు? మన కార్పొరేషన్ క్వార్టర్స్‌కి, మన గుమ్మం ముందుకే! అది నా ఇల్లని డిపార్ట్‌మెంట్లో నేనెవరికీ చెప్పలేదులే.

"నువ్వు తెలుగువాడివేగా, ఊరికెప్పుడు తిరిగెళ్తుందో ఈమెనడుగు" అన్నాడు నాతో, గుమ్మంలో నిలబడ్డ అమ్మని చూపించి. అమ్మకి బెంగాలీ రాదనుకున్నాడు, మొద్దు!

అడిగాను. అమ్మ నన్నొకసారి చూసింది.

"ఏ ఊరికి సారూ? మా తాత ఈ ఊరి మురిక్కాలవలు తీసినాడు. నానిక్కడే పుట్టినాను" అంది, పరాయివాడితో మాట్లాడినట్టు.

అదే బెంగాలీలో చెప్పాను. ఆయన పండితుడిలా తలాడించి, ఫారంలో "తాత్కాలిక నివాసి" అన్నచోట టిక్కు పెట్టాడు. కింద సాక్షి సంతకం నన్ను చెయ్యమన్నాడు.

చేశాను. మొద్దు ఆయనొక్కడే కాదు.

సాయంత్రం అమ్మ నా కంచంలో అన్నం వడ్డించి "తినండి సారూ" అంది.

రేపు హెడ్డు గదికి వెళ్తున్నాను. నా ఉద్యోగం పొడిగించమని కాదు, ఆ ఫారం తిరిగిమ్మని.

నీ తమ్ముడు