రాస్ పేరున కుట్టిన లైఫ్ జాకెట్లు

టాస్మేనియా, డోవర్ వాస్తవ్యురాలు, కీర్తిశేషులు రాస్ ట్రెలోర్ భార్య గ్లెనిస్ ట్రెలోర్ అను నేను, జబ్బు ముదిరినా తెలివి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే ఇకమీదట చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమార్తె కెరిన్‌ది. లాయరు గారు క్లుప్తంగా రాయమన్నారు. చేతకాలేదు.

1. రేవు ఒడ్డున ఉన్న షెడ్డు, కుట్టుమిషన్లు, "రాస్" అనే వ్యాపార నామం, వాటిపై సర్వహక్కులు కెరిన్‌కు దఖలు పరుస్తున్నాను.

ఈ వ్యాపారం ఎలా మొదలైందో జాకెట్ల ట్యాగుల మీద అచ్చు వేయించాం. రాస్ ఒక చలికాలం మధ్యాహ్నం తెడ్డుపడవ వేసుకుని వెళ్ళాడు. గాలి లేచి పడవ బోల్తాపడింది. ఒంటిమీదున్న లైఫ్ జాకెట్ నీళ్ళలో పైకి జారి తలమీదుగా ఊడిపోయింది. ముందు అది ఒడ్డుకు కొట్టుకొచ్చింది, తర్వాత ఆయన. పోలీసులు దాన్ని తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టారు. అప్పట్లో నేను తోటల్లో ఆపిల్ పళ్ళు కోసేవాళ్ళకు సంచులు కుట్టేదాన్ని. ఒక సంచి పట్టీ ఊడదీసి, తొడల మధ్యనుంచి వచ్చి ముందువైపు బిగిసేలా ఆ జాకెట్‌కు కుట్టాను. ఏడుస్తూనే కుట్టాను. ట్యాగు మీదున్న కథ ఇంతవరకే, అది నిజమే.

అచ్చు వేయించనిది ఒకటుంది. ఆ జాకెట్ తొడుక్కుని నేనే రేవులో దూకాను. నాకు ఈత రాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రాస్ "నీకెందుకే ఇవన్నీ, ఒడ్డున కూర్చో" అనేవాడు, ప్రేమగానే. ఆ చన్నీళ్ళలో జాకెట్ జారలేదు. నేను తేలాను. తేలి, పెద్దగా నవ్వాను. తాడు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ కెరిన్ నావంక చూసిన చూపు చూసి నోరు మూసుకున్నాను. భర్తను మింగిన నీళ్ళవి. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మర్నాడు మళ్ళీ దూకాను.

ఆ రోజుల్లో గట్టు మీదికి తెచ్చిన టీ ఫ్లాస్కు కూడా కెరిన్‌కే. మూత సొట్టపడింది కానీ వేడి నిలుస్తుంది.

2. బోటు క్లబ్బు మెర్విన్ స్కారట్‌కు కొత్త జాకెట్ ఒకటి, పొట్టకు సరిపడే సైజులో. "వంటింట్లో ఆడది కుట్టింది కట్టుకుని సముద్రంలోకి పొమ్మంటావా గ్లెనిస్?" అని అందరిముందూ నవ్వాడు. తర్వాత మా జాకెట్‌తోనే అతని మనవరాలు ప్రాణాలతో బయటపడితే, స్కాలప్ గుల్లల మాంసం కూరిన పైలు పట్టుకొచ్చి మా గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. "కాపాడింది రాస్, నేను కాదు" అన్నాను. అలా అనడం అప్పటికే అలవాటైపోయింది. అతని మీద కోపం పోయింది కానీ ఆ నవ్వు మర్చిపోలేదు.

3. రాస్ స్వయంగా చెక్కుకున్న తెడ్డు, ఆ మొదటి జాకెట్ నా ఆడపడుచు లోర్నాకు.

షెడ్డు తెరిచిన రోజున రిబ్బను కత్తిరించగానే, "మా అన్న మునిగాడు, నువ్వు తేలావు వదినా" అంది లోర్నా. జనం ఆమెను కసిరి పంపేసి నన్ను ఓదార్చారు. ఆ తర్వాత ఆమె ఎదురైతే తల దించుకునేదాన్ని. నాకు కోపమనుకుంది ఊరు. కోపం కాదు. ఆయన పోయాకే నేను కారు నడిపాను, చెక్కుల మీద సంతకం పెట్టాను, షెడ్డుకు వెళ్ళడానికి ఎప్పుడు తెల్లారుతుందా అని ఎదురుచూశాను. రాస్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత సిగ్గు ఉండేది కాదు.

4. పోయిన చలికాలం ఆసుపత్రి నుంచి వస్తుంటే కారులో కెరిన్ అడిగింది: "అమ్మా, నాన్న తిరిగొస్తాడంటే ఇదంతా వదిలేస్తావా?"

"అదేం ప్రశ్నే? ఈ క్షణం వదిలేస్తాను" అన్నాను.

అది అబద్ధం కెరిన్. ఎదుట చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. వదలను. ఎన్నిసార్లు అడిగినా నా లోపలి జవాబు అదే, ఎన్నిసార్లు విన్నా సిగ్గే. ట్యాగు మీద "ప్రాణంకన్నా ఎక్కువగా ప్రేమించిన భర్త జ్ఞాపకంగా" అన్న మాట తీసేయి. ఆ చోట, జాకెట్‌కు పట్టిన ఉప్పు పోయేలా ఎలా కడగాలో రాయించు.

5. శ్మశానంలో రాస్ పక్కన నా కోసం కొనిపెట్టిన స్థలాన్ని లోర్నాకు రాసిస్తున్నాను. ఆమె ఇప్పటికీ ఆదివారాలు వెళ్ళి ఆయన సమాధి మీద గడ్డి పీకుతుంది. నేను పూలు పంపిస్తాను, అంతే. నన్ను ఎక్కడ పెట్టాలన్నది కెరిన్ ఇష్టం, అక్కడ మాత్రం వద్దు. ఆయన తిరిగి రావాలని నిజంగా కోరుకున్న మనిషికే ఆ చోటు.

చదువుకుని, ఒక్క మాట కూడా మార్చకుండా సంతకం చేశాను.

డోవర్, 2019 జూన్ 14.

(సం.) గ్లెనిస్ ట్రెలోర్

మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు. ఈ ఆస్తిలో మాకు వాటా లేదు.
సాక్షులు: హెదర్ వింటన్, నర్సు
కాలిన్ బేర్డ్, పోస్టాఫీసు, డోవర్