ఎర్ర మంచు

ఏమండీ,

మన సుధ బొమ్మల సినిమా తీసింది. చిన్నప్పుడు మీరు దానికి చదివి చెప్పిన రష్యా కథే, మంచులో గుర్రబ్బండి తోలే ముసలాయనది. "మంచు ఎలాగుంటాది నాన్నా?" అని అది అడిగితే, స్టీలు ప్లాంటు నుంచి ఎగిరొచ్చి మన డాబా మీద పడే ఎర్రదుమ్ము చూపించి, "ఇలాగే, చప్పుడు లేకుండా పడతాది" అన్నారు మీరు. అది అలాగే గీసింది. సినిమా నిండా ఎర్ర మంచే.

ఉగాదికి తెలుగు సంఘం హాల్లో వేయమని అడిగాం. ముందుగా చూసిన సెక్రటరీ గారు నవ్వారు.

"ఏటమ్మా, మంచు ఎర్రగా ఉంటాదేటి? తెల్లగా మారిస్తేనే వేద్దాం."

"ఛోడో మమ్మీ, పోనీలే, మార్చేస్తాను" అంది సుధ తల దించుకుని.

గుళ్లో గోవిందనామాలు కూడా గట్టిగా చెప్పని నేను లేచి నిలబడ్డాను.

"మార్చదు బాబూ. వాళ్ల నాన్న చూపించిన మంచు అదే. రోజూ పొద్దున్నే తులసమ్మ ఆకుల మీంచి తుడిచేదాన్ని నేను. దాని రంగు నాకు ఒకరు చెప్పక్కర్లేదు."

అయితే వెయ్యలేమన్నారు. మానేయమన్నాను.

నిన్న మీ సంవత్సరీకం. సాయంత్రం మన డాబా మీదే, మీ తెల్లపంచె తెరగా కట్టి సినిమా వేశాం. మన ఖుర్సీపార్ బస్తీలో వీధి వీధంతా వచ్చింది. పంచె మధ్యాహ్నమే కట్టేశానేమో, బొమ్మ పడే వేళకి దాని మీద సన్నగా దుమ్ము పేరుకుంది. సుధ దులపబోయింది.

"ఉండనీ" అన్నాను.