గొర్రెలన్నీ ఫైన్

కోబార్ దగ్గర పొలం నుంచి,
సెప్టెంబరు 1982.

ప్రియమైన నెవిల్‌కు,

నేనూ మన లీయానూ కులాసాగానే ఉన్నాం. గనిలో నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. దగ్గు తగ్గిందా అని అడిగావు. నాకు తగ్గింది, పిల్లకు పొద్దున్నే ఇంకా వస్తోంది. ఈ దుమ్ము వల్లే. నీళ్ల పంపును పక్క పొలం క్లారీ వచ్చి బాగుచేశాడు. గొర్రెల సంగతి కూడా అడిగావు. దానికే వస్తున్నాను.

మంగళవారం రేడియో బడి పాఠంలో టీచరమ్మ ఒక మాటకు ఎన్ని అర్థాలుంటే అన్ని వాక్యాలు రాయమంది. లీయాన్ 'ఫైన్' అన్న మాట తీసుకుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని పైకి చదువుతూ రాసింది.

"రోడ్డు పక్కన గొర్రెల్ని మేపినందుకు క్లారీ తాతకి ఫైన్ వేశారు. మా ఉన్ని ఫైన్, అంటే సన్నం. వాతావరణం రేపు కూడా ఫైన్, అంటే వాన లేదు."

టీ తాగుతున్న క్లారీ నవ్వాడు. "ఆ రేడియోవాడు ఫైన్ అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుందే పిల్లా!"

"ఇంకోటుంది తాతా. గొర్రెలన్నీ ఫైన్ అని అమ్మ నాన్నకి రాసింది. అమ్మా, ఇక్కడ ఫైన్ అంటే ఏంటి? చచ్చిపోయాయనా?"

క్లారీ కప్పు కింద పెట్టాడు. "నెవిల్‌కి చెప్పలేదా?"

"అంత దూరాన ఉన్న మనిషికి ఏమని చెప్పను?" అన్నాను.

"జరిగింది చెప్పు. అవి వాడి గొర్రెలు కూడా కదమ్మా."

అందుకే రాస్తున్నాను. వానల్లేక ఆగస్టులో మేత పూర్తిగా అయిపోయింది. పడిపోయిన గొర్రెలు బతికుండగానే కాకులు కళ్లు పొడిచేవి. చూడలేకపోయాను. నేనూ క్లారీ మూడు రోజులు వాటిని తుపాకీతో కాల్చి చంపాం. మీ నాన్న పెంచిన మంద అది. మొదటి రోజు నా చేతిలో తుపాకీ వణికింది. మూడో రోజు వణకలేదు. నాకు భయం వేసింది అప్పుడే. ఆ వారమే నీకు గొర్రెలన్నీ ఫైన్ అని రాశాను. తెలిస్తే పని మానేసి వచ్చేస్తావనుకున్నాను. నీకు చెప్పకపోవడం నా తప్పే.

నలభై మిగిలాయి. శనివారం వాటిని లారీలో దక్షిణాన ఉన్న క్లారీ తమ్ముడి పొలానికి తోలుతున్నాం. అక్కడ గడ్డి ఉంది. పిల్లను తీసుకుని నేనూ వాటితో వెళ్తున్నాను. సెలవు దొరికితే ఇంటికి రాకు, ఇక్కడ ఎవరూ ఉండరు. అక్కడి అడ్రసు కవరు వెనక రాశాను. తిట్టాలనుంటే అక్కడికే వచ్చి తిట్టు. కానీ రా.

ఇట్లు,
నీ భార్య
మెర్ల్